ఈ-టైప్ 4.2 కూపేనా, తొలి తరం 911ఆ? ఒక్కటే కొనాలంటే ఏది?

పాతఇనుము | లెస్టర్, ఇంగ్లండ్ | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీ పోస్టులు చదవడమే తప్ప నేను రాసింది తక్కువ. ఇప్పుడు అవసరం పడింది. రిటైర్మెంట్ డబ్బుల్లో కొంత పక్కన పెట్టి ఒక పాత స్పోర్ట్స్ కారు కొందామనుకుంటున్నాను. ఇంట్లో అనుమతి దొరికింది, కానీ ఒక్క కారుకే.

రెండు చూసి వచ్చాను. ఒకటి 1965 జాగ్వార్ ఈ-టైప్ 4.2 కూపే, రైట్ హ్యాండ్ డ్రైవ్. రెండోది 1967 పోర్షె 911, మామూలు 130 హార్స్ పవర్ మోడల్, లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్. అడుగుతున్న ధర ఇంచుమించు ఒకటే.

ఏది అందంగా ఉంది అని అడగడం లేదు. ఆ తీర్పు మా ఆవిడ ఫొటోలు చూడగానే ఇచ్చేసింది: పొడుగు ముక్కుది, అంటే జాగ్వార్. నాకు కావలసింది వేరే. నెలకు రెండు మూడుసార్లు బయటికి తీస్తాను, వానలో కూడా (ఈ ఊళ్లో వేరే కాలం ఏముంది కనక). చిన్న చిన్న పనులు చేతనవును, ఇంజన్ దించేంత పనిమంతుణ్ణి కాదు. నడపడానికి, నిలబెట్టుకోవడానికి ఏది ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు చెప్పండి.

గేర్‌బాక్స్ గోపి | కవెంట్రీ | శనివారం, రాత్రి 10:05

పాతఇనుము గారూ, నేను పక్షపాతిని, ముందే చెప్తున్నాను. పాత బ్రిటిష్ కార్లు బాగుచేసే షెడ్డులో పని నాది. నాకు తిండి పెట్టేది అవే.

ఈ-టైప్ గురించి మాట్లాడాలంటే 1961 మార్చిలో జెనీవా మోటార్ షోలో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. పత్రికలవాళ్లకు చూపించాల్సిన కారును కవెంట్రీ నుంచి రాత్రంతా నడిపించి, చివరి నిమిషంలో అక్కడికి చేర్చారు. చూసినవాళ్లంతా ఒక్కసారి ఎక్కించుకోమని ఎగబడేసరికి జాగ్వార్ అధిపతి విలియం లయన్స్ ఇక్కడికి ఫోన్ కొట్టించాడు. టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ చేస్తున్న పని వదిలేసి రెండో కారు, టాప్‌లేని రోడ్‌స్టర్, తీసుకుని మళ్లీ రాత్రికి రాత్రే పరుగెత్తాడు. ఆ హడావుడికి కారణం అందం ఒక్కటే కాదు, ధర కూడా. ఇంగ్లండ్‌లో పన్నుతో కలిపి రెండు వేల పౌండ్ల పైచిలుకు, అంతే. ఆ వేగానికి దగ్గరగా వచ్చే ఆస్టన్ మార్టిన్ డీబీ4 దాదాపు దీనికి రెట్టింపు.

ఒళ్లు గీసింది మాల్కం సేయర్. ఆయన స్టైలిస్టు కాదు, బ్రిస్టల్ విమానాల కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరు. వంపుల్ని చేత్తో గీసి చెక్కడం కాక లెక్కలు కట్టి తేల్చేవాడు. ఇంజన్ అప్పటికే పాతది: 1948లో ఎక్స్‌కే120తో వచ్చిన ఆరు సిలిండర్ల ట్విన్ క్యామ్. లె మాన్ 24 గంటల రేసును 1951, 53, 55, 56, 57 సంవత్సరాల్లో గెలిచింది ఈ ఇంజనే. డైమ్లర్ లిమోజీన్లలో అయితే 1992 దాకా బతికింది.

మీకు దొరికింది 4.2 కావడం మంచిదైంది. దానికి ముందొచ్చిన 3.8 లీటర్ల కారులో గేర్‌బాక్స్ మొండిది, ఫస్ట్ గేర్‌కి సింక్రో (గేరు నునుపుగా పడేట్టు చేసే ఏర్పాటు) లేదు, కూస్తూ ఉంటుంది. బ్రేకులు ఒక్కోసారి 'ఆలోచించి చెప్తా' అన్నట్టుంటాయి. సీట్లు షోకుకే. 1964 చివర్లో వచ్చిన 4.2లో నాలుగు గేర్లకీ సింక్రో, మంచి బ్రేక్ సర్వో (పెడల్ తొక్కుడుకి బలం కలిపేది), నడుం పట్టెయ్యని సీట్లు, డైనమో బదులు ఆల్టర్నేటర్. పవర్ అదే 265, కానీ టార్క్ (లాగే బలం) 260 నుంచి 283 పౌండ్-అడుగులకు పెరిగింది. రోడ్డు మీద తెలిసేది ఈ రెండోదే.

మైలురాయి | లండన్ | శనివారం, రాత్రి 10:31

గంటకు 150 మైళ్లు అని రాయడం మర్చిపోయారు గోపీ. జాగ్వార్ అభిమానులు మొదటి లైన్లోనే ఆ అంకె వేసేస్తారు!

స్టట్‌గార్ట్ సత్య | జర్మనీ | ఆదివారం, ఉదయం 7:48

రాత్రే చూశాను, కాఫీ తాగి రాద్దామని ఆగాను.

మైలురాయి గారు కదిపారు కాబట్టి ఆ 150 సంగతి ముందు తేలుద్దాం. ఆటోకార్ పత్రిక టెస్టులో కూపే 150.4 మైళ్లు కొట్టిన మాట నిజం. కానీ పత్రికలకు ఇచ్చిన ఆ కార్లను ప్రత్యేకంగా తయారు చేశారు, రేసింగ్ టైర్లు వేశారు. షోరూంలో కొన్న కారు 140 దాటి కొంచెం వెళ్తే గొప్ప. 265 హార్స్ పవర్ కూడా గ్రాస్ లెక్కే: ఇంజన్‌ని బల్ల మీద పెట్టి, సైలెన్సర్లూ అవీ తీసేసి కొలిచింది. పోర్షె చెప్పిన 130 డిన్ (జర్మన్ ప్రమాణం) లెక్క: కార్లో ఉన్నది ఉన్నట్టు. 130 పక్కన 265 పెట్టి రెట్టింపు అనుకోకండి.

ఇక 911. 1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో చూపించినప్పుడు దీని నంబరు 901. మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్లు ఫ్రాన్స్‌లో మావే అని ప్యూజో అడ్డుకుంది. అప్పటికి 82 కార్లు తయారయ్యాయి. సున్నా తీసి ఒకటి పెట్టారు, అయిపోయింది. ఆకారం ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షెది, ఇంట్లో 'బుట్జి' అనేవారు. ఇంజన్ వెనక చక్రాల ఇరుసుకి అవతల వేలాడే ఆరు సిలిండర్ల ఫ్లాట్ సిక్స్ (సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి), 1991 సీసీ, గాలితో చల్లబడేది. బరువు 1080 కిలోలు, వేగం గంటకు 210 కి.మీ., గేర్లు ఐదు.

రేడియేటర్ లేదు, నీళ్ల పంపు లేదు, పగిలే హోస్‌పైపు లేదు. ఆయిల్ మాత్రం తొమ్మిది లీటర్ల దాకా పడుతుంది, దానికి విడిగా ట్యాంకు. మీరు అడిగినది నెలకు రెండు మూడుసార్లు, వానలో కూడా తీసే కారు కదా. నా ఓటు ఏ పక్కో చెప్పక్కర్లేదు.

మైలురాయి | లండన్ | ఆదివారం, ఉదయం 9:20

సత్య గారు చెప్పిన దానికి ఒకటి కలుపుతా. 1961లో ఇంగ్లండ్ మోటార్‌వేల మీద అసలు స్పీడ్ లిమిటే లేదు. 70 మైళ్ల హద్దు వచ్చింది 1965 డిసెంబరులో. అంచేత ఆ అంకె గొప్పల కోసం వేసిందే అయినా, జనం దాన్ని నిజంగా ప్రయత్నించి చూసే రోజులవి. పాతఇనుము గారి కారు పుట్టిన ఏడాదే ఆ సరదా ముగిసింది పాపం.

డెట్రాయిట్ శ్రీలక్ష్మి | మిషిగన్ | ఆదివారం, సాయంత్రం 6:15

వెహికిల్ డైనమిక్స్, అంటే బండి రోడ్డు మీద ఎలా కదులుతుందో చూడటం, నా ఉద్యోగం, కాబట్టి ఆ ముక్క నేను చెప్తాను. పాతఇనుము గారు వానలో నడుపుతానన్నారు. సత్య గారు గాలి ఇంజన్ గురించి చెప్పి, వెనక బరువు గురించి మెల్లగా దాటేశారు!

911లో బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రాల మీదే. మలుపులోకి వేగంగా వెళ్లి, భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశారనుకోండి. బరువు ఒక్కసారి ముందుకు జారుతుంది, వెనక టైర్లకు పట్టు తగ్గుతుంది. కానీ ఇంజన్ ఇరుసు అవతల వేలాడుతోంది కదా, ఆ వెనక భాగం పక్కకి తిరగడం మొదలుపెట్టిందంటే ఆగదు. క్యారియర్ మీద బియ్యం బస్తా కట్టిన స్కూటర్‌ని మలుపులో గబుక్కున బ్రేకు కొట్టి చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ చెయ్యాల్సింది మన సహజబుద్ధికి ఎదురు: మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి, లోపలికి వెళ్లాక కాలు తీయకుండా సన్నగా పవర్ ఇస్తూ ఉండాలి.

ఈ సంగతి పోర్షెకి మొదట్లోనే తెలుసు. అందుకే తొలి కార్లలో ముందు బంపర్ మూలల్లో ఒక్కోటీ 11 కిలోల ఇనప దిమ్మలు దాచారు. అంత ఖరీదైన కారులో ఇనప దిమ్మలు! అసలు మందు 1968 ఆగస్టు నుంచి వచ్చిన కార్లలో పడింది. ఇంజన్‌ని కదపకుండా వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు, ఒక బ్యాటరీ బదులు రెండు చిన్నవి ముందు మూలల్లో పెట్టారు. మీరు చూసినది 1967 కాబట్టి దానికి ముందుది, చిన్న వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) కారు. టైర్లు కూడా 165 వెడల్పువే, నాలుగున్నర అంగుళాల రిమ్ముల మీద.

ఈ-టైప్ వెనక సస్పెన్షన్ మాత్రం ఆ కాలానికి చాలా తెలివైన పని. చక్రాన్ని తిప్పే డ్రైవ్‌షాఫ్టే పైన లింకుగా కూడా పనిచేస్తుంది. బ్రేక్ డిస్కులు చక్రాల దగ్గర కాకుండా లోపల డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకీ శక్తి పంచే గేర్ల పెట్టె) పక్కన ఉంటాయి, దాంతో గతుకుల మీద చక్రం తేలిగ్గా లేచి దిగుతుంది. మొత్తం ఒక సబ్‌ఫ్రేములో (విడిగా దించగల చిన్న ఫ్రేము) అమర్చి రబ్బరు మౌంట్ల మీద కట్టారు. బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం. అదే అమరిక ఆ తర్వాత దశాబ్దాల పాటు జాగ్వార్ పెద్ద కార్లన్నిటికీ దిక్కయింది.

గేర్‌బాక్స్ గోపి | కవెంట్రీ | ఆదివారం, సాయంత్రం 6:40

మేడమ్ చెప్పిన ఆ తెలివైన పనికి బిల్లు కట్టేది మేం! లోపలి డిస్కుల వేడి పక్కనే ఉన్న డిఫరెన్షియల్ సీళ్లకి తగులుతుంది, అవి కారితే ఆయిల్ డిస్కుల మీద పడుతుంది. వెనక బ్రేక్ ప్యాడ్లు మార్చడానికి కారు కింద పడుకుని, కనపడని చోట చెయ్యి పెట్టి, దేవుణ్ణి తలుచుకోవాలి. సరిగ్గా చెయ్యాలంటే సబ్‌ఫ్రేమ్ మొత్తం దించడమే మేలు. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు పాతఇనుము గారూ.

స్టట్‌గార్ట్ సత్య | జర్మనీ | ఆదివారం, రాత్రి 8:02

శ్రీలక్ష్మి గారూ, దాటెయ్యలేదు, మీరెలాగూ వస్తారని మీకు వదిలేశా.

కానీ ఆ వెనక బరువే జారే నేల మీద వరం. 1965 మాంటే కార్లో ర్యాలీకి దాదాపు కొత్త కారునే పంపితే ఐదో స్థానంలో వచ్చింది. 1968లో విక్ ఎల్‌ఫర్డ్ అదే ర్యాలీ గెలిచాడు. తర్వాత రెండేళ్లూ బ్యోర్న్ వాల్డెగార్డ్. మంచు, ఐసు, కొండ దారులు. తిప్పే చక్రాల మీద బరువు ఉంటే టైరు జారకుండా ముందుకు తోస్తుంది. లెస్టర్ వాన అంతకంటే కష్టమా?

డెట్రాయిట్ శ్రీలక్ష్మి | మిషిగన్ | ఆదివారం, రాత్రి 8:10

వాల్డెగార్డ్ నడిపితే కష్టం కాదు. రిటైరైన పెద్దాయన గురించి మాట్లాడుతున్నాం.

పాతఇనుము | లెస్టర్ | ఆదివారం, రాత్రి 8:14

పెద్దాయన వింటున్నాడమ్మా! 🙂

బెజవాడ బుల్లెట్ | విజయవాడ | సోమవారం, ఉదయం 11:05

అన్నలూ, జాగ్వార్ ఇప్పుడు టాటా వాళ్లదే కదా. మరి ఈ-టైప్ మన ఊళ్లో తిప్పుకోవచ్చా? బందర్ రోడ్డు స్పీడ్ బ్రేకర్ మీద దాని పొట్ట తగలదా?

నల్లనూనె | న్యూజెర్సీ | సోమవారం, సాయంత్రం 5:30

తమ్ముడూ, టాటా 2008లో కొన్నది కంపెనీని. అరవై ఏళ్ల కారు ఇండియాకి తేవాలంటే దిగుమతి రూల్సు, డ్యూటీ వేరే కథ. ఇప్పటికే అక్కడ ఉన్న పాత బండి అయితే 2021 నుంచి విడిగా రూల్ ఉంది: 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చెయ్యని బండికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. కానీ రోజూ తిప్పడానికి కాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, అలాంటి వాటికే. పొట్ట తప్పకుండా తగులుతుంది. సైలెన్సర్ పైపులే ముందు పోతాయి.

మోడరేటర్ | సోమవారం, సాయంత్రం 5:52

ఇండియా రిజిస్ట్రేషన్ సంగతులకు వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ ఈ-టైప్, 911 మాత్రమే.

నల్లనూనె | న్యూజెర్సీ | సోమవారం, రాత్రి 7:44

సరే సార్. రెండూ నడిపినవాడిగా నా ముక్క.

ఈ-టైప్ ఎక్కడమే ఒక పని. తలుపు చిన్నది, కింద గడపలాంటి సిల్లు వెడల్పు. ముందు కూర్చుని, కాళ్లు లోపలికి లాక్కోవాలి. కూర్చున్నాక నేలమీదే కూర్చున్నట్టుంటుంది. ఎదురుగా అద్దం ఎత్తు తక్కువ, అందుకే వైపర్లు మూడు పెట్టాల్సొచ్చింది. ఆ అద్దంలోంచి కనిపించేదంతా బానెట్టే, కారు ముక్కు ఎక్కడ అయిపోయిందో తెలీదు. డ్యాష్‌బోర్డు మధ్యలో వరసగా టాగిల్ స్విచ్చులు. తాళం తిప్పితే పెట్రోలు పంపు టిక్ టిక్ మంటుంది, ఆ చప్పుడు నెమ్మదించాక బటన్ నొక్కాలి. ఒక్కసారి అంటుకుందంటే సెకండ్ గేర్‌లో ఎక్కణ్ణుంచి తొక్కినా లాగుతుంది. గేర్లు మార్చడం మీద మోజు పోయి, టాప్‌లోనే పడేసి ఊళ్లు దాటించాలనిపించే ఇంజన్ అది.

911 సరిగ్గా దీనికి తిరుగుడు. నిటారుగా కూర్చుంటాం, అద్దాల మధ్య కమ్మీలు సన్నం, నాలుగు పక్కలా కనిపిస్తుంది. ముందు రెండు మడ్‌గార్డులు పైకి తేలి ఉంటాయి, వాటి మధ్యలోంచి రోడ్డుని గురిపెట్టొచ్చు. ఐదు గుండ్రటి మీటర్లు, అన్నిటికంటే పెద్దది ఆర్పీఎం మీటరు, సరిగ్గా మధ్యలో. తాళం స్టీరింగ్‌కి ఎడమపక్క. పెడల్స్ పైనుంచి వేలాడవు, నేలలోంచి మొలుస్తాయి, పాదం అలవాటు పడటానికి టైం పడుతుంది. ఫస్ట్ గేర్ ఎడమకి లాగి కిందికి. ఇంజన్ మూడు వేల లోపు నిద్రమొహం వేసుకుని ఉంటుంది, నాలుగున్నర దాటాక మాత్రం వేరే కారు. స్టీరింగ్ తేలిక, రోడ్డు మీద ఉన్న ప్రతి రాయీ చేతికి చెప్తుంది.

ఊరు దాటి దూరం పోవాలంటే ఈ-టైప్ ఎక్కుతా. కొండ రోడ్డుకి, ఇరుకు వీధులకి 911. ఇంగ్లండ్ పల్లె రోడ్లు ఇరుకు, రెండుపక్కలా పొదల గోడలు. ఆ ముక్కుని కూడలి దగ్గర బయటికి పెట్టి అవతల ఏం వస్తోందో చూడటం చిన్న టెన్షన్ కాదు. 911ది లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ అన్నారు. ముందున్న లారీని ఓవర్‌టేక్ చెయ్యాలంటే పక్క సీట్లో మేడమ్ గారిని అడగాలి, అది మర్చిపోకండి.

పాతఇనుము | లెస్టర్ | సోమవారం, రాత్రి 9:30

నల్లనూనె గారూ, కూర్చుని నడిపినట్టే ఉంది. లారీ సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను. "నేను చెప్తే మీరు వింటారా" అంది.

ఇంకో ప్రశ్న. ఈ-టైప్ 1974లో ఆగిపోయింది, 911 ఇంకా వస్తోంది. ఒకటి మంచిదీ ఇంకొకటి కాదూ అని దానర్థమా?

డెట్రాయిట్ శ్రీలక్ష్మి | మిషిగన్ | మంగళవారం, ఉదయం 8:25

కాదు. నాకు తోచింది ఇది. ఈ-టైప్ మొదటి రోజే పూర్తయిపోయింది. తర్వాత చేసిన మార్పుల్లో చాలావాటికి కారణం కారు బయట ఉంది. పిల్లలున్నవాళ్ల కోసం 1966లో 2+2, పైకప్పు ఎత్తు పెంచి పొడుగు సాగదీశారు. అమెరికా రూల్సు మారేసరికి హెడ్‌లైట్ల మీది అద్దాలు పోయాయి. 1968 సిరీస్ 2లో బంపర్లు లావయ్యాయి, అమెరికా కార్లకు మూడు కార్బ్యురేటర్లు పోయి రెండొచ్చాయి, పవర్ తగ్గింది. ఆ బరువు లాగడానికి 1971లో 5.3 లీటర్ల వీ12. అన్నీ కలిపి 72 వేల పైగా అమ్మారు. కానీ సేయర్ గీసిన గీతకి ఒక్కటీ కలిసిరాలేదు.

911కి అలా కాదు. పుట్టినప్పుడే లోపంతో పుట్టింది, ప్రతి మార్పూ ఆ లోపాన్ని సరిచెయ్యడానికే వచ్చింది. వీల్‌బేస్ పెరిగింది, టైర్లు వెడల్పయ్యాయి, ఇంజన్ 2 నుంచి 2.2, 2.4. వెనక భాగం వేగంలో పైకి తేలిపోకుండా 1973 కరేరా ఆర్‌ఎస్ 2.7కి వెనక ఇంజన్ మూత మీద రెక్క వేశారు. రేసు అర్హత కోసం 500 చాలనుకుంటే 1,580 అమ్ముడుపోయాయి. చెయ్యాల్సిన పని మిగిలి ఉంది కాబట్టే ఇంజనీర్లు దాన్ని వదల్లేదు.

గేర్‌బాక్స్ గోపి | కవెంట్రీ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఒప్పుకోను మేడమ్. 3.8 నుంచి 4.2కి వచ్చిన మార్పు ఏ రూల్ కోసమూ కాదు. గేర్‌బాక్స్, బ్రేకులు, సీట్లు, కరెంటు అన్నీ కారు లోపాలే, అన్నీ సరిచేశారు. వీ12ని కూడా అందరూ తిడతారు గానీ పెద్ద రేడియేటర్, గాలి తగిలే డిస్కులు, పవర్ స్టీరింగ్, వేసవి ట్రాఫిక్‌లో అది మెరుగైన కారు. అందం తగ్గింది, అది వేరే విషయం.

కారు ఆగిపోయింది ఇంజనీరింగ్ వల్ల కాదు. 1968కల్లా జాగ్వార్ బ్రిటిష్ లేలాండ్ గొడుగు కిందికి వెళ్లింది, అక్కడి గొడవలు అందరికీ తెలుసు. 1973లో పెట్రోలు సంక్షోభం. చివరి 50 కార్లలో 49 నలుపు, ఒకటి ఆకుపచ్చ, అక్కడితో సరి.

స్టట్‌గార్ట్ సత్య | జర్మనీ | మంగళవారం, సాయంత్రం 5:45

911 కూడా దాదాపు ఆగిపోయిందండీ. 1977లో ముందు వీ8 ఇంజన్‌తో 928 తెచ్చారు, వారసుడు అదే అనుకున్నారు. 1981లో కంపెనీ పగ్గాలు పట్టిన పీటర్ షుట్జ్, ఇంజనీర్ హెల్ముట్ బోట్ గదిలో గోడ మీద చార్టు చూశాడు. 911 గీత ఆ ఏడాది చివర్లో ఆగిపోయి ఉంది. మార్కర్ తీసుకుని ఆ గీతని చార్టు దాటించి గోడ మీదికి లాగాడు. ఆ మనిషి రాకపోతే ఇవాళ మనం రెండు చచ్చిన కార్ల గురించి కొట్టుకునేవాళ్లం.

మైలురాయి | లండన్ | మంగళవారం, రాత్రి 7:00

చచ్చినవాటిలో ఒకటి 1996 నుంచి న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో ఉంది మరి. నీలం రోడ్‌స్టర్.

స్టట్‌గార్ట్ సత్య | జర్మనీ | మంగళవారం, రాత్రి 7:06

మ్యూజియంలో ఉన్న కారుకి ఆయిల్ కారదు, అది నిజమే.

గేర్‌బాక్స్ గోపి | కవెంట్రీ | బుధవారం, రాత్రి 8:20

సత్య గారి చురక పక్కన పెట్టి, పాతఇనుము గారికి పనికొచ్చేది చెప్తాను. కొనేది ఇంజన్ కాదు, ఇనుము. మీ పేరు కూడా అదే కదా!

ఈ-టైప్‌కి పూర్తి ఛాసిస్ లేదు. మధ్యలో మనం కూర్చునే భాగం రేకు పెట్టె, దాని ముందు చదరపు గొట్టాల ఫ్రేమ్ బోల్టులతో బిగించి ఉంటుంది. ఇంజన్, ముందు సస్పెన్షన్ దానిమీదే. ఆ గొట్టాలు లోపల్నుంచి తుప్పు పడతాయి, బయటికి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. బానెట్ పూర్తిగా ముందుకు ఎత్తించి, టార్చి వేసి, గొట్టాల అతుకుల దగ్గర చూడాలి. తర్వాత సిల్లులు, అవే కారు నడుము. తలుపు తెరిచి కొంచెం పైకెత్తండి, మూసేటప్పుడు సందు కింద ఒకలా పైన ఒకలా ఉంటే అనుమానించాలి. వెనక రేడియస్ ఆర్మ్ (వెనక సస్పెన్షన్‌ని పట్టి ఉంచే కడ్డీ) కారు నేలకి బిగించే చోటు మర్చిపోవద్దు. బానెట్ చాలా ముక్కలు కలిపి చేసింది, అది పాడైతే చిన్న కారు కొనేంత ఖర్చు.

క్లచ్ పోతే ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ కలిపి బయటికి తియ్యాలి. అందుకే ఈ మధ్య మార్చారా, బిల్లు ఉందా అడగండి. ధైర్యం చెప్పే మాట ఒకటుంది: పార్టులు దాదాపు అన్నీ కొత్తవి దొరుకుతాయి.

స్టట్‌గార్ట్ సత్య | జర్మనీ | బుధవారం, రాత్రి 9:05

911కి కూడా ఇనుమే గండం. గాల్వనైజ్ చేసిన (జింక్ పూత వేసిన) రేకు డెబ్బైల మధ్యలో గానీ రాలేదు, 1967 కారుకి ఆ రక్ష లేదు. పెట్రోలు ట్యాంకు కింద ముందు నేల, బ్యాటరీ పెట్టే గూడు, తలుపుల కింద సిల్లులు, వెనక టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) గొట్టం చివర్లు. ఈ నాలుగు చోట్లా స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి.

ఇంజన్ విషయంలో 1967కి ఒక మేలుంది. క్రాంక్‌కేసు (ఇంజన్ అడుగు పెట్టె) అల్యూమినియం. ఆ తర్వాత వచ్చిన మెగ్నీషియం కేసుల్లో, ముఖ్యంగా 2.7లలో, హెడ్ స్టడ్లు (సిలిండర్ హెడ్‌ని పట్టి ఉంచే బోల్టులు) ఊడొచ్చే బాధ ఉంది. చూడాల్సింది టైమింగ్ చెయిన్ టెన్షనర్లు. తర్వాతి రకం ఆయిల్ ఒత్తిడితో పనిచేసేవి 1984లో వచ్చాయి, చాలామంది పాత ఇంజన్లకి కూడా అవే వేయించుకున్నారు. ఆయిల్ ఎంతుందో చూడాలంటే ఇంజన్ వేడెక్కి, సమనేల మీద తిరుగుతూ ఉండగా చూడాలి. చల్లగా ఉన్నప్పుడు పుల్ల పెట్టి చూసి, తక్కువుందని పోసి, పొగ తెప్పించుకున్నవాళ్లు ఉన్నారు. వాల్వుల సందు 0.1 మిల్లీమీటరు, మొత్తం పన్నెండు. ఓపికుంటే ఇది మీరే నేర్చుకోవచ్చు.

నల్లనూనె | న్యూజెర్సీ | బుధవారం, రాత్రి 9:40

రెంటికీ కార్బ్యురేటర్లే కాబట్టి పెట్రోలు సంగతి. ఇంగ్లండ్‌లో 2021 నుంచి మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది. పాత రబ్బరు పైపుల్ని ఇథనాల్ తినేస్తుంది. సూపర్ గ్రేడ్ ఈ5 పోయించండి, పైపులు కొత్తరకంవి వేయించండి. వానాకాలంలో వారాల తరబడి నిలబెట్టేటట్టయితే ఇది ఇంకా ముఖ్యం.

పాతఇనుము | లెస్టర్ | గురువారం, ఉదయం 8:10

మీ అందరి పుణ్యమా అని ఇప్పుడు రెండు కార్ల కిందా దూరగలను.

ఆలోచించి చూస్తే నాకు అడ్డం పడింది ఆ లెఫ్ట్ హ్యాండ్ స్టీరింగే. శ్రీలక్ష్మి గారు చెప్పిన మలుపు పాఠం కూడా గట్టిగానే తగిలింది. నలభై ఏళ్లుగా భయమేస్తే కాలు తీసే అలవాటు, ఇప్పుడు మారదు. పైగా ఇక్కడ నలభై ఏళ్లు దాటిన బండికి రోడ్ టాక్స్ లేదు, ఏటా ఎంఓటీ (బండి ఫిట్‌నెస్) పరీక్ష లేదు, లండన్ వెళ్లినా ఉలెజ్ (పొగ ఎక్కువ వదిలే బళ్ల మీద వేసే రుసుము) కట్టక్కర్లేదు. అది రెంటికీ ఒకటే లెండి. శనివారం ఈ-టైప్‌ని ఇంకోసారి చూడ్డానికి వెళ్తున్నాను. గోపీ, నువ్వు రాగలవా? పెట్రోలూ భోజనమూ నావి.

స్టట్‌గార్ట్ సత్య | జర్మనీ | గురువారం, ఉదయం 8:55

రైట్ హ్యాండ్ 911లు కూడా ఉన్నాయి సార్. తక్కువ, ఖరీదెక్కువ, కానీ ఉన్నాయి. ఒక నెల ఆగి వెతకండి అని మాత్రం అంటాను.

గేర్‌బాక్స్ గోపి | కవెంట్రీ | గురువారం, మధ్యాహ్నం 12:40

వస్తాను బాబాయ్. అమ్మేవాళ్ల దగ్గర జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఇచ్చే సర్టిఫికెట్ ఉందేమో ఫోన్లో కనుక్కోండి. ఛాసిస్, ఇంజన్, గేర్‌బాక్స్, బాడీ నంబర్లు, మొదటి రంగు అన్నీ అందులో ఉంటాయి, కారు మీది నంబర్లతో పోల్చుకుందాం. ఇంకోటి, మనం వెళ్లేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా అంటుకుంటుందో, మొదటి పొగ ఏ రంగో, ఆయిల్ ప్రెషర్ ఎంతసేపట్లో లేస్తుందో నేను చూడాలి.

పాతఇనుము | లెస్టర్ | గురువారం, సాయంత్రం 6:20

సర్టిఫికెట్ ఉందట. స్టార్ట్ చెయ్యొద్దంటే మాత్రం "గ్యారేజీలోంచి బయటికి తియ్యాలి, మీరు పదింటికి వచ్చేసరికి కాస్త తిప్పి వేడి చేసి ఉంచుతాను, మీకే మంచిది" అంటున్నాడు.

గేర్‌బాక్స్ గోపి | కవెంట్రీ | గురువారం, సాయంత్రం 6:23

అయితే పదింటికి కాదు, ఎనిమిదిన్నరకే వెళ్దాం. ఫోన్ చెయ్యకండి.